రూపాయెత్తు వెండి

"రూపాయెత్తు మిరియాలు, అంతే ఎత్తు శొంఠి, పావలా ఎత్తు పిప్పళ్ళు." చిత్తూరు, చంద్రగిరి వైపు ఇళ్ళల్లో కషాయానికి దినుసులు చెప్పేటప్పుడు అవ్వలు ఇట్లాగే చెప్పేవాళ్ళు. గ్రాములు, కిలోలు వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ మాట పోలేదు. అందులోని రూపాయి ఇప్పటి స్టీలు రూపాయి కాదు, వెండి రూపాయి. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా తులం. పావలా అందులో నాలుగోవంతు, 2.92 గ్రాములు. రూపాయలు నూటఇరవై తక్కెడలో వేస్తే వీశ. డబ్బే తూనికరాయిగా పనిచేసిన కాలం అది.

ఆ రూపాయలు ఇళ్ళల్లో ఎక్కడెక్కడ ఉండేవో గుర్తుచేసుకుంటే ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ట్రంకు పెట్టె అడుగున పట్టుచీర మడతలో నాలుగు, పసుపు గుడ్డ మూటలో పది, వరలక్ష్మీ వ్రతం కలశంలో ఒకటి. రాణి బొమ్మ ఉన్న రూపాయికి కొండి అతికించి మెడలో వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. వాటిలో ఎక్కువభాగం తర్వాత కంసాలి మూసలోకి వెళ్ళి పట్టీలుగా, మెట్టెలుగా, కుంకుమ భరిణెలుగా మారిపోయాయి. మిగిలినవే ఇప్పుడు తిరుపతి గాంధీ రోడ్డులో, చిత్తూరు బజారు వీధిలో పాత వెండి అమ్మకానికి వచ్చినప్పుడు అప్పుడొకటి ఇప్పుడొకటి కనబడుతుంటాయి.

వెండి నాణేలు పోగుచేయాలని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ రకం కొనాలి?" అని. అడగవలసిన ప్రశ్నే. వెండి నాణెం అనే పేరుతో అమ్మేవి ఎన్నో రకాలు: నగల దుకాణాల కొత్త బిళ్ళలు, తిరుమలలో దేవస్థానం అమ్మే శ్రీవారి డాలర్లు, ప్రభుత్వం వేసే స్మారక నాణేలు, బ్రిటిషు రూపాయలు, నైజాము హాలీ సిక్కాలు (హైదరాబాదు రూపాయలు), అమెరికా నుంచి పిల్లలు తెచ్చే ఈగిల్ నాణేలు. అన్నీ కొంచెం కొంచెం కొంటే డబ్బా నిండుతుంది గానీ సేకరణ కాదు. మన ప్రాంతం వాళ్ళు రూపాయెత్తుతోనే మొదలుపెట్టాలి. దీని బరువు మన భాషలోనే ఉంది, ఇంట్లో వెదికితే ఒకటైనా దొరుకుతుంది, దీన్ని పరీక్షించడం నేర్చుకుంటే మిగతా అన్ని రకాలకూ ఆ నేర్పు పనికొస్తుంది.

కొత్త బిళ్ళల సంగతి త్వరగా తేల్చేద్దాం. లక్ష్మీదేవి, వేంకటేశ్వరస్వామి ముద్రలతో అమ్మే 999 వెండి బిళ్ళ పూజకు, కానుకకు చక్కగా ఉంటుంది. కానీ అది నాణెం కాదు, ఏ ప్రభుత్వమూ దాన్ని చలామణిలోకి వదల్లేదు. కొనేటప్పుడు వెండి ధర మీద మజూరీ, 3 శాతం జీఎస్టీ కడతారు. అమ్మేటప్పుడు ఆ రెండూ తిరిగి రావు. వెండి కూడబెట్టడమే ఉద్దేశమైతే 5 గ్రాములవి ఇరవై కొనేకంటే 100 గ్రాములది ఒకటి కొంటే మజూరీ తగ్గుతుంది. ఇంతకు మించి వాటి గురించి చెప్పడానికేం లేదు.

ఇక అసలు రూపాయి. 1835లో ఈస్ట్ ఇండియా కంపెనీవాళ్ళు దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టారు. నూటికి 91.7 పాళ్ళు వెండి, మిగతాది రాగి. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు అన్నమాట. 11.66 గ్రాముల్లో శుద్ధమైన వెండి 10.69 గ్రాములు. ఈ 10.69 అంకెను గుర్తుపెట్టుకోండి. ఆరోజు గ్రాము వెండి ధరను దీంతో గుణిస్తే రూపాయిలోని లోహం విలువ వస్తుంది. అర్ధరూపాయికి 5.35, పావలాకు 2.67, బేడకు, అంటే రెండణాల నాణేనికి, 1.34. దుకాణంలో "పాత సరుకు, వంద ఏళ్ళది" అని చెప్పే ధరలో లోహం ఎంత, పాతదనం పేరుతో కలిపింది ఎంత అనేది ఈ ఒక్క గుణకారంతో బయటపడుతుంది.

సంవత్సరానికి ఒకటి చొప్పున పోగేయాలని కొందరు మొదలుపెడతారు. రూపాయి విషయంలో అది వద్దు. కొన్ని సంవత్సరాలవి దొరకవు, దొరికినా వాటిలో నకిలీలే ఎక్కువ. రకానికి ఒకటి చొప్పున పోగేస్తే ఎనిమిది తొమ్మిది నాణేల్లో కథంతా పూర్తవుతుంది. వరసగా చెబుతాం.

మొదటిది 1835 నాటి విలియం రాజుది. పేరు పక్కన నాలుగు అంకె రోమన్ లిపిలో మామూలుగా కాకుండా నాలుగు నిలువు గీతలుగా ఉంటుంది. అది తప్పు కాదు, అసలు ముద్రే అలా ఉంది. వెనకవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుంటుంది. తర్వాత 1840 విక్టోరియా, కిరీటం లేని పడుచు ముఖం, వెనక ఇంకా కంపెనీ పేరే. ఇందులో రెండు రకాలు: రాణి పేరు తల మీదుగా ఒకే వరసలో సాగేది ఒకటి, తలకు అటు ఇటు విడిపోయేది ఒకటి. విడిపోయినది తర్వాతి కాలపుది. ఓపిక ఉంటే రెండూ, లేకపోతే ఏదో ఒకటి చాలు.

1862లో కంపెనీ పేరు పోయి ఇండియా అనే మాట వచ్చింది, రాణికి కిరీటం వచ్చింది. ఇక్కడ చాలామంది ఒకచోట తికమకపడతారు. ఆ తర్వాత పన్నెండేళ్ళ దాకా కొట్టిన రూపాయలన్నిటి మీదా 1862 అనే వేశారు. అసలు ఎప్పటిదో చెప్పేవి తేదీ దగ్గర కనబడే సన్నని చుక్కలు. పది రెట్ల భూతద్దం పెడితే గానీ అవి కనిపించవు, అరిగిన నాణెం మీద అసలే కనిపించవు. అందుకే "1862ది, చాలా అరుదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలు 1862 రూపాయి సులువుగా దొరికే సరుకు. 1877 నుంచి రాణి కాస్తా చక్రవర్తిని అయింది, పేరులో ఆ మాట చేరింది. 1901 దాకా అదే. కాబట్టి విక్టోరియా కిరీటం రూపాయలు రెండు కావాలి, ఒకటి రాణిది, ఒకటి చక్రవర్తినిది.

1903 నుంచి 1910 వరకు ఎడ్వర్డు. తల మీద కిరీటం ఉండదు, అది వెనకవైపు పైన ఉంటుంది, రెండు పక్కలా తామర తీగలు. రూపాయలన్నిటిలో అందమైన వెనకవైపు ఇదే. పూల రేకుల గీతలు తెగకుండా ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా పెట్టి తీసుకోవచ్చు.

తర్వాత అయిదో జార్జి. సేకరణలో అతి ముఖ్యమైనది ఇదే. 1911లో వచ్చిన మొదటి రూపాయి మీద రాజు అంగీ మీద గొలుసులో చిన్న ఏనుగు బొమ్మ ఉంది. దాని తొండం పొట్టిగా చెక్కడంతో జనానికి పందిలా కనబడింది. గొడవ కావడంతో ఆ రూపాయలను వెనక్కి తీసుకున్నారు. 1912 నుంచి తొండం, చెవులు బాగా తెలిసేలా మళ్ళీ చెక్కారు. నాణేన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి రాజు ఛాతీ మీద కుడివైపూ ఎడమవైపూ నిదానంగా చూస్తే అంగీ మీద గొలుసు, దానికి వేలాడే ఆ జంతువు కనబడతాయి. వేలి గోరు కొన కంటే చిన్నది. ఎక్కువగా చేతులు మారిన రూపాయిలో ముందు అరిగేవి రాజు చెవి పైభాగం, మీసం, ఈ ఏనుగు. ఏనుగు స్పష్టంగా ఉంటే నాణెం మంచి స్థితిలో ఉన్నట్టే. వెనకవైపు కింద తామరపువ్వు కింద చిన్న బొడిపె చుక్క ఉంటే బొంబాయిది, ఏమీ లేకపోతే కలకత్తాది.

మొదలుపెట్టేవాళ్ళకు మంచిది 1912, 1913, 1916, 1917, 1918, 1919 జార్జి రూపాయల్లో ఏదైనా ఒకటి. కోట్లలో కొట్టారు కాబట్టి లోహం విలువ కంటే కొద్దిగా ఎక్కువకే రావాలి. 1918, 1919 రూపాయల వెనక పెద్ద కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి చాలక 1917లో ప్రభుత్వం రూపాయి కాగితం నోటు వేసింది. జనం కాగితాన్ని నమ్మక వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు అమెరికా ప్రభుత్వం 1918లో ప్రత్యేకంగా చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కోట్ల సంఖ్యలో కరిగించి ఆ వెండిని ఇండియాకు అమ్మింది. అది ఇక్కడి టంకశాలల్లో రూపాయలైంది. అవ్వల పసుపు మూటల్లోని జార్జి రూపాయి ఒకప్పుడు అమెరికా డాలరై ఉండవచ్చు. 1921, 1922 తక్కువగా కొట్టారు, వాటి ధర వేరే. 1922 తర్వాత అయిదో జార్జి రూపాయి లేదు.

ఆరో జార్జి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 1938 రూపాయి పాత లెక్క ప్రకారమే 91.7 వెండి. 1939ది కూడా అంతే, కానీ అది చాలా అరుదు. 1938 రూపాయిలో చివరి 8 అంకెను గీకి 9గా మార్చి అమ్మినవే బజారులో ఎక్కువ. అంకె చుట్టూ నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం, మిగతాచోట్ల కంటే లోతుగానో గరుకుగానో ఉంటే అది చెక్కిన పనే. 1939 రూపాయిని తెలిసిన నిపుణుడి చేతిలో పెట్టకుండా కొనవద్దు. సేకరణకు అది తప్పనిసరి కూడా కాదు, 1938 చాలు.

1940 నుంచి 1945 దాకా రూపాయి బరువు అంతే, పరిమాణం అంతే, లోపలి వెండి మాత్రం సగమే. నూటికి 50 వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. రెండో యుద్ధకాలపు కరువు అది. పాత రూపాయలను కూడా అప్పుడే వెనక్కి తీసుకున్నారు. అంచు చూస్తే తేడా తెలిసిపోతుంది: పాత వాటికి మామూలు గళ్ళు (నిలువు గీతలు) ఉంటే, వీటికి ఆ గళ్ళ మధ్యలో గాడి, ఆ గాడిలో సన్నని నగిషీ ఉంటాయి. కింద చిన్న ఎల్ అక్షరం ఉంటే లాహోరు టంకశాలది. వీటిలో శుద్ధ వెండి 5.83 గ్రాములే. పాత రూపాయి లెక్కన దీన్ని కొంటే సగం డబ్బు నీళ్ళలో పోసినట్టే. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే కొత్తగా నిగనిగలాడుతూ దొరికేవి ఇవే.

తెల్లనివన్నీ పాలు అనుకోకూడదు. 1946 పావలా, అర్ధరూపాయి, 1947 పులి బొమ్మ రూపాయి నికెలువి. 1950లు, 60లలోని మామూలు రూపాయలూ, 1964 నెహ్రూ బొమ్మ రూపాయీ కూడా నికెలే. అయస్కాంతం దగ్గర పెడితే నికెలు టక్కున అంటుకుంటుంది, వెండి అంటుకోదు. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే సగం మోసాలు దుకాణం గుమ్మంలోనే ఆగిపోతాయి.

కానీ అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన వెండి కాదు. జర్మన్ సిల్వరు (రాగి, నికెలు, జింకు కలిపినది, పేరులో తప్ప వెండి లేదు), ఇత్తడి మీద వెండి పూత, సీసం కలిపిన పోత, ఇవేవీ అంటుకోవు. వాటికి నీళ్ళ పరీక్ష ఉంది. పాతకాలంలో సేట్లు రూపాయిని బండ మీద వేసి మోత విని చెప్పేవాళ్ళు. మంచి రూపాయి టంగుమని సాగదీసి మోగుతుంది, పోతపోసినది టప్పుమంటుంది. అయితే లోపల పగులున్న అసలు నాణెం కూడా టప్పుమంటుంది, పైగా బండకు తగిలితే అంచు నొక్కుకుపోతుంది. నీళ్ళ పరీక్షలో నాణేనికి ఏ దెబ్బా తగలదు.

దీనికి కావలసింది పాయింటు రెండంకెల వరకు చూపే చిన్న డిజిటల్ తక్కెడ, గాజుగ్లాసు, కుట్టుదారం. ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత సగం నీళ్ళున్న గ్లాసును తక్కెడ మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. ఇప్పుడు తక్కెడ చూపే అంకె నాణెం తోసిన నీళ్ళ బరువు. పొడి బరువును దీంతో భాగించాలి. ఉదాహరణకు పొడి బరువు 11.60, నీళ్ళలో 1.12 వస్తే, భాగిస్తే 10.36. పాత రూపాయికి రావలసింది 10.3 చుట్టుపక్కలే, కాబట్టి అది సరైన సరుకు. 1940 తర్వాతి సగం వెండికి 9.5 దగ్గర వస్తుంది, జర్మన్ సిల్వరుకు 8.7 దగ్గర. రూపాయి బరువు ఉన్న నాణెం నీళ్ళలో 1.3 దాటి చూపిస్తే అందులో వెండి లేదు. పరీక్షలో తప్పు జరిగేది రెండుచోట్ల. నాణెం మీద గాలిబుడగలు అంటుకుంటే అంకె పెరిగి వెండి తక్కువన్నట్టు చూపిస్తుంది. ముంచాక దారాన్ని మెల్లగా కదిపితే బుడగలు పోతాయి. నాణెం అడుగుకు తగిలితే దాని బరువంతా పడి అంకె ఒక్కసారిగా ఎగిరిపోతుంది. బేడ లాంటి 1.46 గ్రాముల చిన్న నాణేలకు ఈ పరీక్ష అంత ఖచ్చితంగా రాదు, తక్కెడ తప్పే ఎక్కువవుతుంది. ఒకే రకం బేడలు పది కలిపి తూస్తే కాస్త నమ్మవచ్చు.

బరువు విషయంలో ఇంకో మాట. చేతులు మారి అరిగిన రూపాయి 11.3 నుంచి 11.6 దాకా తూగవచ్చు. 11.2 కంటే తగ్గితే, ముఖం అరగకుండా బాగుంటే, అనుమానించాలి. ముఖం బాగుండి బరువు తగ్గడం అసలు నాణేనికి జరగదు.

కంసాలి దగ్గర గీటురాయి మీద రుద్దించవద్దు. అంచు మీద ఆకురాయి పెట్టనివ్వవద్దు. పాత వెండి కొనే దుకాణంలో "టచ్ చూడాలి" అని అలవాటుగా చేస్తారు, ముందే వద్దని చెప్పాలి. అమ్మేటప్పుడు అదే దుకాణం తరుగు పేరుతో 91.7 వెండిని ఇంకా తక్కువ లెక్కగట్టడం కూడా మామూలే. మీ దగ్గర 10.69 లెక్క, నీళ్ళ పరీక్ష అంకె రాసి ఉంటే అక్కడ మాట్లాడగలుగుతారు.

మన ప్రాంతంలో దొరికే రూపాయల్లో చాలావాటికి పైన కొండి తీసేసిన గుర్తు ఉంటుంది. పన్నెండు గంటల స్థానంలో అంచు మీద చిన్న మచ్చ, టంకం రంగు కాస్త పసుపు, గళ్ళు అక్కడ కరిగి చదునైపోయి ఉంటాయి. రంధ్రం పెట్టి తర్వాత వెండితో పూడ్చినవీ ఉన్నాయి. రంధ్రం ఉన్నచోట నేల మిగతాచోట్ల లాగా లేకపోతే పూడ్చినదే. ఇవి సేకరణకు లోహం ధరకే కొనాలి, అంతకు మించి పైసా ఎక్కువ ఇవ్వకూడదు. అయితే మన ఇంట్లోవాళ్ళు వేసుకున్నదైతే వేరే సంగతి, దానికి ధర కట్టే పనే లేదు.

రూపాయి పూర్తయ్యాక ఎటు వెళ్ళాలి? తెలుగువాళ్ళకు మనసు లాగేది ఒకటుంది. 1807 తర్వాత మద్రాసు టంకశాలలో కంపెనీవాళ్ళు వేసిన వెండి పావు వరహా, అర వరహా. ఒకవైపు నక్షత్రాల మధ్య గుడి గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ అరవం, తెలుగు అక్షరాలు. పావు వరహా దాదాపు 10.6 గ్రాములు, అర వరహా దానికి రెట్టింపు. అర వరహాల్లో కొన్నిటిని స్పెయిన్ డాలరు మీదే మళ్ళీ కొట్టారు, బాగా చూస్తే కింది ముద్ర జాడలు కనబడతాయి. ధర రూపాయి కంటే ఎన్నో రెట్లు, నకిలీలూ ఉన్నాయి, కాబట్టి మొదటి రెండు మూడేళ్ళు వీటి జోలికి పోకుండా చూసి నేర్చుకోవడమే మంచిది. రాజుల రూపాయల మీద ఎక్కడా తెలుగు లేదు. బేడ మీద తెలుగు అక్షరాలు వచ్చింది వెండి పోయినప్పుడే. 1917 దాకా బేడ వెండిది, దాని మీద తెలుగు లేదు. 1918లో వెండి తీసేసి రాగి నికెలు బేడ వేసినప్పుడు "రెండు అణాలు" అని తెలుగులో కూడా వేశారు. వెండి బేడ పక్కన ఈ బేడ పెట్టుకుంటే ఆ రెండేళ్ళ చరిత్ర అరచేతిలో ఉన్నట్టే.

ఆర్కాటు రూపాయలు కూడా మనవే అనుకోవచ్చు. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ నేల ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. ఆ రూపాయలు మొగలు పాదుషా పేరుతో పారసీ లిపిలో ఉంటాయి, మద్రాసు టంకశాలవి తామర గుర్తుతో. పారసీ చదవలేకపోయినా గుర్తులు నేర్చుకుంటే చాలు. నైజాము చార్మినారు రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్ళు. చివరి సంవత్సరాల్లో అదీ సగానికి పడిపోయింది. రూపాయి ధరకు దీన్ని కొనకూడదని గుర్తుంటే చాలు.

స్వాతంత్ర్యం తర్వాతి వెండిలో మొదట తీసుకోవలసింది గాంధీ శతజయంతి పది రూపాయలు. 15 గ్రాములు, 80 పాళ్ళు వెండి, అంటే 12 గ్రాముల శుద్ధ వెండి. నాణెం మీద 1869–1948 అనే ఉంటుంది, వేసిన సంవత్సరం 1969 ఉండదు. దీంతోపాటే వచ్చిన గాంధీ రూపాయి, యాభై పైసలు నికెలువి, ఇరవై పైసలు ఇత్తడి రంగువి. మన ఊళ్ళల్లో చాలామంది ఆ గాంధీ రూపాయిని వెండి అనుకుని దాచారు, అయస్కాంతం పెట్టి చూసుకోండి. 1970 పది రూపాయలు కూడా 80 పాళ్ళే. 1972 స్వాతంత్ర్య రజతోత్సవ నాణెం నుంచి బరువు 22 గ్రాములు దాటింది గానీ వెండి సగానికి పడింది.

ఇటీవలి స్మారక నాణేల్లో 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం కోసం మన ప్రాంతంలో చాలామంది తపించారు. 1983లో ఆయన గెలిచిన స్థానాల్లో తిరుపతి కూడా ఒకటి కదా. 35 గ్రాములు, 44 మిల్లీమీటర్లు, వెండి 50 పాళ్ళు, అంటే 17.5 గ్రాములు. అభిమానంతో కొంటే తప్పకుండా కొనండి. వెండి కోసం మాత్రం కాదు, విడుదలైనప్పటి ధరలో అప్పటి లోహం విలువ కొంతే. పెట్టెను చింపకుండా, ధ్రువపత్రం పారేయకుండా ఉంచాలి. తర్వాత కొనేవాళ్ళు ముందుగా చూసేవి అవే.

తిరుపతిలో ప్రత్యేకంగా చెప్పవలసినవి రామటెంకెలు. శ్రీరామ పట్టాభిషేకం ముద్రతో, 1616 అనో 1818 అనో తేదీతో, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో అమ్ముతారు. కంపెనీ ఎప్పుడూ అలాంటి నాణెం చలామణికి వేయలేదు. భక్తితో పూజలో పెట్టుకునే బిళ్ళలు అవి, ఆ పనికి పవిత్రమే. "బియ్యం లాగుతుంది, లక్షల విలువ" అని చెప్పేవాళ్ళ మాట విని డబ్బు పెట్టిన కుటుంబాలు నష్టపోయాయి. అలా చెప్పి అమ్మేవాళ్ళ దగ్గర ఇంకేమీ కొనకుండా వచ్చేయడం మంచిది.

చట్టం రెండు ముక్కల్లో. వంద ఏళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ దేశం దాటించకూడదు. అయిదో జార్జి రూపాయలన్నీ ఇప్పుడు వంద దాటాయి, కాబట్టి అమెరికాలో ఉన్న మనవరాలికి అవ్వ రూపాయి పెట్టెలో పెట్టి పంపకండి, విమానాశ్రయంలో ఇబ్బంది. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు గోడలోనో నేలలోనో కుండ దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు తెలియజేయాలి.

దొరికిన తర్వాత జరిగే పెద్ద నష్టం కడగడం. మన ఇళ్ళల్లో వెండి సామాను విభూతితోనో చింతపండుతోనో తోమి తళతళలాడించడం అలవాటు. పూజ గిన్నెకు అది సరే. నాణేనికి అది గీతలు పెడుతుంది. భూతద్దంలో చూస్తే రాజు బుగ్గ మీద వెంట్రుకల్లాంటి వేల గీతలు ఒకే దిక్కుకు కనబడతాయి. వందేళ్ళకు మెల్లగా పట్టిన నల్లని, బూడిదరంగు పొర వెండికి హాని చేయదు. అది అసలుదనానికి గుర్తు, తెలిసినవాళ్ళు దానికే ఎక్కువ ఇస్తారు. మట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డ మీద ఆరబెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో ఉండి ఆకుపచ్చ జిగురు పట్టినదైతే శుద్ధమైన ఎసిటోనులో కొద్దిసేపు ముంచి తీయాలి, కిటికీ తెరిచి, మంట దరిదాపుల్లో లేకుండా. గోళ్ళరంగు తీసే మందు వద్దు, అందులో వేరేవి కలుస్తాయి.

వ్రతానికి వాడే రూపాయి, సేకరణలోని రూపాయి వేరువేరుగా ఉండాలి. కలశంలో పసుపునీళ్ళు, కుంకుమ, గంధం, పైన అగరొత్తుల పొగ, కర్పూరం మసి, ఒక్క శ్రావణ శుక్రవారంతోనే ఏళ్ళ తరబడి పోని మచ్చలు పడతాయి. పూజకు అరిగిన జార్జి రూపాయి ఒకటి కేటాయించి, దాన్నే ప్రతి ఏడూ వాడండి.

దాచడానికి రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక కాగితం, మఖమలు నగల పెట్టె, వాసన వచ్చే మెత్తని ప్లాస్టిక్ సంచీ ఏవీ పనికిరావు. రబ్బరులోని గంధకం వెండిని నల్లగీతగా కాల్చేస్తుంది, బ్యాండు ఆకారంలోనే మచ్చ మిగులుతుంది. మైలారు (పారదర్శకమైన ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట చతురస్రాలు, లేదా గట్టి గుండ్రని క్యాప్సూళ్ళు వాడాలి. రూపాయికి 31 మిల్లీమీటర్లది, వంద రూపాయల స్మారక నాణేనికి 44ది సరిపోతుంది. అట్టకు కొట్టిన స్టేపుల్ పిన్నులను పటకారుతో చదును చేయకపోతే పక్క నాణేన్ని గీకుతాయి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే వానల్లో పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టి, నెలకోసారి మార్చాలి.

ప్రతి అట్ట వెనక పెన్సిలుతో నాలుగు సంగతులు రాయండి: రకం, పొడి బరువు, నీళ్ళ అంకె, ఎక్కడినుంచి వచ్చింది. "జార్జి 5, 1918, బొంబాయి చుక్క. 11.58. 1.12. చిత్తూరు బజారు వీధి" అన్నట్టు. కొండి గుర్తున్న ఇంటి రూపాయికి మాత్రం అయిదో వరుస ఒకటి కలపండి, అది ఎవరి మెడలో ఉండేదో వాళ్ళ పేరు.